అక్కది మంచి ఇన్సూరెన్సు

డబ్లిన్, ఒహాయో
జూన్ 18

బెర్నీకి,

ఫోను చేద్దామనుకున్నాను. చేస్తే మూడో మాటకే నువ్వు పెట్టేస్తావు, లేకపోతే నేనే పెట్టేస్తాను. అమ్మ పోయిన దగ్గర్నుంచీ మన వరస అదే కదా. కాగితం మీదైతే చివరిదాకా చదువుతావన్న ఆశతో రాస్తున్నాను.

మన మామయ్య మనవరాలు ట్రీనా పెళ్ళి బాగా జరిగింది. పెళ్ళికేకు పక్కనే ఇంకో పెద్ద బల్ల వేసి చుట్టాలందరూ చేసుకొచ్చిన కుకీలు వేలకు వేలు పేరుస్తారంటే ఇక్కడి వాళ్ళు నమ్మరు. యంగ్స్‌టౌన్‌లో పుట్టని వాళ్ళకి ఎంత చెప్పినా అర్థం కాదు. నేను రెండు రోజులు నడుము విరిగేలా చేసుకొచ్చిన క్రీము గొట్టాల కుకీల్ని నువ్వు బల్ల చివర, ప్లేట్ల దొంతర వెనకాల పెట్టించావు. చూశాను. పెళ్ళి కదా అని నోరు మూసుకున్నాను.

రాయాలనుకున్నది అది కాదు. రెనీ గురించి. నీ కూతురు ఆ బల్ల వెనక నిలబడి వచ్చిన వాళ్ళందరికీ నవ్వుతూ పెట్టెలు కట్టిచ్చింది. నన్ను చూసి, "పెద్దమ్మా, నీకు వాల్‌నట్లు పడవు కదా, ఇవి వద్దులే, అవి తీసుకో" అంది. పోయిన అక్టోబరులో ఈ పిల్లేనా రేడియోలో వాతావరణం చెప్పే ఆయన తన గురించే చెబుతున్నాడని ఇంట్లో ప్లగ్గులన్నీ పీకేసింది? ఈ పిల్లేనా మూడు వారాలు స్నానం చేయనంది? చక్కగా గులాబీ రంగు గౌను వేసుకుని, నా ఒంటికి ఏది పడదో కూడా గుర్తుపెట్టుకుంది. సంతోషించాల్సింది పోయి నాకు కడుపు మండింది బెర్నీ. ఉన్నమాట రాస్తున్నాను.

ఏ డాక్టరు చూస్తున్నాడు? ఏ మందు ఇస్తున్నాడు? మా పక్కింటావిడ కొడుక్కి అలాంటిదే ఏదో వచ్చింది. పాపం ఆవిడ అడగమంది.

ఏడ్రియన్ బాగానే ఉన్నాడు. వేసవి పరీక్షలుండి పెళ్ళికి రాలేకపోయాడు.

మార్సెల్లా


యంగ్స్‌టౌన్
జూన్ 25

అక్కా,

నీ క్రీము గొట్టాల్ని వెనకాల పెట్టింది నేను కాదు, ట్రీనా అత్తగారు. అయినా ముందు ఖాళీ అయిన పళ్ళెం అదే. ఆ సంగతి నీకు చెప్పకూడదనుకున్నాను.

డాక్టరు ఒక్కడు కాదు, ఒక టీము. మా కౌంటీ క్లినిక్‌లో సైకోసిస్, అంటే లేనిది ఉన్నట్టు తోచే ఈ జబ్బు, మొదటిసారి వచ్చిన కుర్రవాళ్ళ కోసమే పెట్టారు. డాక్టరమ్మ మందు చూసుకుంటుంది, తక్కువ మోతాదుతో మొదలుపెట్టి. ఒక కౌన్సెలరు వారం వారం మాట్లాడుతుంది. రెనీ గడప దాటనన్న రోజుల్లో మా వంటింట్లోకే వచ్చి కూర్చునేది. ఉద్యోగం చూసిపెట్టే ఆయన ఒకడున్నాడు, బేకరీలో పని ఆయన ఇప్పించిందే. వీళ్ళందరికంటే రెనీ ఎవరి మాట వింటుందో తెలుసా, డెజరే అనే అమ్మాయి మాట. ఆ అమ్మాయికీ ఇదే జబ్బు వచ్చి తేరుకుంది, ఇప్పుడు ఆ టీములోనే పని చేస్తోంది. మంగళవారం సాయంత్రాలు పిల్లలూ పెద్దలూ అందరం గుండ్రంగా కుర్చీలు వేసుకుని కూర్చుంటాం. అక్కడి కాఫీ నోట్లో పెట్టుకోలేం, అయినా ఒక్క వారం కూడా మానలేదు నేను.

ఇదంతా మెడికెయిడ్ కార్డు మీదే. బడి వంటగదిలో గరిటె తిప్పుకునే దాని కూతురికి ప్రభుత్వం ఇచ్చిన కార్డు. నువ్వు ముక్కు విరిచే కార్డు.

చిన్నప్పుడు నీ స్కేట్లు నీకు బిగుతయ్యాకే నాకొచ్చేవి. నీ గది, నీ పియానో, నీ పంటి డాక్టరు మొగుడు. ఏడవకుండా చూస్తూ కూర్చోవడం నాకు బాగా అలవాటు. నీకు లేనిది నా దగ్గర ఉండడం ఇదే మొదటిసారి. అది ఎంత తియ్యగా ఉందో రాస్తే బాగుండదు కానీ, రాసేశాను.

మీ పక్కింటావిడకి ఆలస్యం చెయ్యొద్దని చెప్పు. ఆ అబ్బాయి పేరేమిటి?

బెర్నీ


డబ్లిన్
జూలై 9

బెర్నీ,

పేరెందుకు నీకు?

ఆ టీము గురించి ఇక్కడా కనుక్కున్నాను. ఇలాంటిదే ఒకటి ఇక్కడా ఉంది. మా ఇన్సూరెన్సు వాళ్ళకి ఫోను చేస్తే ఒకమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది. "మీది చాలా మంచి ప్లాను మేడమ్. డాక్టరుకి ఇస్తాం, మందులకి ఇస్తాం. ఇంటికొచ్చి మాట్లాడే వాళ్ళకి, ఉద్యోగం చూసిపెట్టే వాళ్ళకి మాత్రం ఇవ్వం" అంది. మరి మంచి ప్లాను ఎలా అయిందమ్మా అని అడిగితే, మీకు పెద్దాసుపత్రుల్లో ఎక్కడైనా గది దొరుకుతుంది మేడమ్ అంది. హోటలు గురించి చెప్పినట్టు చెప్పింది.

అంటే గ్రెగ్ పొద్దున్నుంచీ సాయంత్రం దాకా జనం నోళ్ళల్లోకి వంగి చూసి కట్టే పన్నులతో నీ కూతురికి నలుగురు మనుషులొస్తారు. మాకేమో ఊళ్ళోకెల్లా పేరున్న డాక్టరు, నెలకోసారి పావుగంట. తల ఎత్తడు. మావాడు ఆ పావుగంటా ఆయన బూట్ల వంకే చూస్తూ కూర్చుంటాడు. బయటికొచ్చాక ఆ బూట్లలో ఏదో ఉందంటాడు. ఇదేనా న్యాయం?

నీకు తియ్యగా ఉందన్నావుగా. బాగా చప్పరించు.

మార్సెల్లా


యంగ్స్‌టౌన్
జూలై 13

అక్కా,

బావ పన్నుల మాట చదివి నీ ఉత్తరం చించేద్దామనుకున్నాను. నేను కట్టేవి పన్నులు కావా? నా జీతంలో కోసేది మరి ఏమిటి? ఆ ముక్కకి జవాబు ఇంకోసారి ఇస్తాను, మరిచిపోతానని మాత్రం అనుకోకు.

చించకపోవడానికి కారణం "మావాడు" అన్న మాట. పక్కింటావిడ కొడుకు బూట్ల సంగతి నీకెలా తెలుస్తుంది?

ఏడ్రియనే కదా. ఎందుకు దాస్తావు నా దగ్గర? పోయినేడాది కాదు, అంతకు ముందేడు థాంక్స్‌గివింగ్ పండక్కి మీ ఇంటికొచ్చాం చూడు. ఆరోజు వాడు టర్కీ ముక్క వాసన చూసి పక్కన పెట్టేసి, తనే సీలు తియ్యని డబ్బా ఒకటి కోసుకుని సింకు దగ్గర నిలబడి తిన్నాడు. కుర్రతనం అన్నారు మీరు. నేనూ అదే అనుకున్నాను. తిండిలో ఏదో కలిపారన్న అనుమానం అదని రెనీకి వచ్చాక గానీ నాకు తట్టలేదు.

ఇప్పుడు జాగ్రత్తగా విను. జబ్బు మొదలై రెండేళ్ళు దాటితే మా టీము చేర్చుకోదు. మొదట్లో పట్టుకుంటేనే ఎక్కువ మంచిదని వాళ్ళ లెక్క. ఆ థాంక్స్‌గివింగ్ నుంచి లెక్కేస్తే వచ్చే నవంబరుతో సరి.

బావ ఈ ఏడాది పన్నుల్లో ఏడ్రియన్‌ని తన మీద ఆధారపడ్డవాడుగా చూపించకూడదు. అప్పుడు వాడు ఇరవయ్యేళ్ళ వాడు, సంపాదన లేదు, లెక్కలో ఒంటరి మనిషి. తన పేరు మీద తనే అర్జీ పెట్టుకుంటే కార్డు వస్తుంది. మీ మంచి ప్లానూ ఉండనీ, అది ఇచ్చేది అది ఇస్తుంది, మిగతాది కార్డు చూసుకుంటుంది. మా క్లినిక్‌లో వాళ్ళనే అడిగి రాస్తున్నాను.

బెర్నీ


డబ్లిన్
ఆగస్టు 6

బెర్నీ,

నా కొడుకు బీదవాళ్ళ కార్డు మీద బతకడమేమిటని గ్రెగ్ లేచాడు. పదేళ్ళు చదివి ప్రాక్టీసు పెట్టింది ఇందుకా అన్నాడు. నేనూ ఆయన వైపే మాట్లాడాను. నీ ముందు తల వంచడం ఇష్టం లేకే మాట్లాడాను, తెలుసు కదా నా సంగతి.

పోయిన శనివారం వాడు హైవే మీద వచ్చే కార్లకి ఎదురుగా నడుచుకుంటూ వెళ్ళాడు. పోలీసులు పట్టుకొచ్చారు. ఒంటి మీద గీత పడలేదు. పెద్దాసుపత్రిలో గది ఇచ్చారు, ఆ అమ్మాయి చెప్పినట్టే మంచి గది. కిటికీలోంచి చెరువు కనపడుతుంది.

నేను లోపలికి వెళ్ళాను. నర్సు "మీ అమ్మగారు వచ్చారు" అంది. వాడు నన్ను పైనుంచి కిందిదాకా చూసి నర్సుతో, "మా అమ్మలాగే ఉంటుంది. బాగానే తయారు చేశారు. కానీ మా అమ్మ కాదు" అన్నాడు. కోపంగా అనలేదు. కొట్లో తప్పు సరుకిస్తే వెనక్కిచ్చేస్తాం చూడు, అంత నిదానంగా అన్నాడు. మా ఇంట్లో నేను వండింది వసంతకాలం నుంచీ ముట్టుకోవట్లేదు వాడు. నీకు రాయలేదు.

ఎక్కడికి వెళ్తావు బాబూ అని డాక్టరు అడిగితే, "బెర్నీ పిన్ని దగ్గరికి. ఆవిడ మారలేదు" అన్నాడు.

నన్ను కన్నతల్లి కాదన్నప్పుడు ఏడవలేదు నేను. నీ పేరు చెప్పినప్పుడు కారిడార్‌లోకి వెళ్ళి ఏడ్చాను. ప్రపంచంలో ఇంకెవరి పేరు చెప్పినా ఓర్చుకునేదాన్ని.

వాడిని తీసుకుంటావా?

మార్సెల్లా


యంగ్స్‌టౌన్
ఆగస్టు 9

అక్కా,

ఇది అడగాల్సిన మాటేనా? రెనీ తన గది ఇచ్చేసింది, నాతో పడుకుంటానంది. క్లినిక్‌లో చెప్పాను, వచ్చే బుధవారం రమ్మన్నారు. వాణ్ణి పన్నుల్లో చూపించనని బావని గమ్మున సంతకం పెట్టమను. పెట్టనంటే నేనొచ్చి ఆయన క్లినిక్ ముందు గదిలో, జనం అందరిలో కూర్చుని అడుగుతాను.

వాడిని దింపేటప్పుడు నువ్వు గుమ్మం దాకానే రా. లోపలికి రాకు. నిన్ను చూస్తే ఈ ఇల్లూ తయారు చేసిందేనేమో అనుకుంటాడని డెజరే అంటోంది. నేను తల్లినే అని వాదించొద్దంది. కొన్నాళ్ళు ఓపిక పట్టాలట.

బెర్నీ


యంగ్స్‌టౌన్
సెప్టెంబరు 20

అక్కా,

కార్డు వచ్చింది. టీము చేర్చుకుంది. గడువులోపలే పడ్డాం, ఊపిరి పీల్చుకో.

మందు మార్చారు. మొదటి పది రోజులూ మత్తుగా పడుకున్నాడు. ఇప్పుడు లేచి కూర్చుంటున్నాడు. నేను క్యాబేజీ నూడుల్స్ చేస్తే మొదట రెనీ తిన్నాక తిన్నాడు, తర్వాత తనే గిన్నెలోంచి వేసుకున్నాడు. నిన్న "ఇంకొంచెం పెట్టు పిన్నీ" అన్నాడు. వాడూ రెనీ కలిసి పక్క వీధి దాకా నడిచి వస్తున్నారు. రెనీ వాడి మీద పెత్తనం చేస్తోంది, "నువ్వు ఇవాళ పళ్ళు తోమావా, పంటి డాక్టరు కొడుకువి, సిగ్గుండాలి" అంటుంది. వాడు నవ్వుతాడు. జుట్టు కళ్ళ మీద పడుతోందని నేనే కత్తిరించాను.

రమ్మని నేను రాసేదాకా రాకు. ఇంకా టైము పడుతుంది.

బెర్నీ


డబ్లిన్
అక్టోబరు 2

బెర్నీ,

జుట్టు కత్తిరించావా?

వాడికి రెండేళ్ళప్పటి నుంచీ వాడి జుట్టు నేనే కత్తిరించేదాన్ని. హైస్కూలుకి వెళ్ళాక కూడా నా దగ్గరే కూర్చునేవాడు, సెలూన్ వాళ్ళు చెవులు కోస్తారని. నువ్వు వంట చేసి పెట్టు, బట్టలు ఉతుకు, నీ కాళ్ళు కడుగుతాను. జుట్టు ఎవరు అడిగారు నిన్ను?

వాడు నవ్వాడని రాశావు. ఎలా నవ్వాడో కూడా రాయొచ్చుగా. నోరు తెరిచా, మూసా? నువ్వు రాసే ప్రతి ముక్కా నాకు కావాలి, చదివిన ప్రతి ముక్కకీ ఒళ్ళు మండుతుంది. గ్రెగ్ నీ ఉత్తరాలు నాకివ్వకుండా దాస్తానంటున్నాడు. చదవకపోతే ఇంకా పిచ్చెక్కుతుందన్నాను.

ఎప్పుడు రమ్మంటావు?

మార్సెల్లా


యంగ్స్‌టౌన్
అక్టోబరు 15

అక్కా,

ఇప్పుడే కాదు. వాడు గ్రంథాలయంలో పుస్తకాలు సర్దే పనికి వెళ్తున్నాడు, వారానికి మూడు పూటలు. కుదురుకోనీ. నోరు తెరిచే నవ్వాడు.

బెర్నీ


డబ్లిన్
నవంబరు 14

బెర్నీ,

నువ్వు పిలవలేదు, నేనే వచ్చాను. నిన్న సాయంత్రం. మంగళవారం సాయంత్రాలని నువ్వే కదా ఎప్పుడో రాశావు, కుర్చీలు గుండ్రంగా వేస్తారని. వెనక నుంచి ఒక్కసారి చూసి వెళ్ళిపోదామనుకున్నాను.

మెట్ల దగ్గర ఒకమ్మాయి ఎదురైంది, పొట్టిగా, ఎర్ర కళ్ళజోడు. "ఏడ్రియన్ వాళ్ళమ్మగారా? ఇన్నాళ్ళకి వచ్చారు. సెప్టెంబరు చివర్నుంచీ మిమ్మల్ని తీసుకురమ్మని చెబుతూనే ఉన్నాం మీ చెల్లెలికి" అంది. అదే కదా నీ డెజరే. చాలా మర్యాద గల పిల్ల. నా మొహంలో ఏం చూసిందో, ఒక గ్లాసు నీళ్ళు తెచ్చిచ్చింది.

సెప్టెంబరు చివర్నుంచి, బెర్నీ. నువ్వు నన్ను ఆపింది నవంబరు దాకా. టీము వద్దంది, టైము పడుతుంది, కుదురుకోనీ. కొడుకుని నీ చేతిలో పెట్టినదాన్ని నేను. చూసే రోజు కూడా నువ్వే ఎత్తుకుపోయావు.

అయినా పైకి వచ్చాను. తలుపు దగ్గర నిలబడ్డాను, కోటు కూడా విప్పలేదు. వాడు కనపడ్డాడు. బుగ్గలు నిండాయి. నీ పక్కన కూర్చున్నాడు, మోకాలు ఊపట్లేదు. అప్పుడు ఎదుటి కుర్చీలో కొత్తాయన ఎవరో నిన్నడిగాడు, "ఈ అబ్బాయి మీ వాడా?" అని. నువ్వు "అవునండీ, మా అబ్బాయే" అన్నావు. రవ్వంత కూడా ఆగలేదు. ఎన్నాళ్ళ నుంచో అలవాటైన మాటలా వచ్చింది నీ నోట.

నేను తలుపేసి వచ్చేశాను. ఇంటిదాకా ఎలా నడిపానో తెలీదు. వాడిని బాగుచేసినందుకు జన్మంతా రుణపడి ఉంటాను. నిన్ను మాత్రం క్షమించను. ఈ రెండూ ఒక్కసారే ఎలా ఉంటాయని అడగొద్దు. ఉన్నాయి.

మార్సెల్లా


యంగ్స్‌టౌన్
నవంబరు 17

అక్కా,

డెజరే చెప్పింది నిజం. ఒకసారి కాదు, నాలుగుసార్లు చెప్పింది. వచ్చే వారం, వచ్చే వారం అనుకుంటూ నేనే జరిపాను. పని నుంచి వచ్చి బూట్లు విప్పుతూ "పిన్నీ, ఏముంది ఇవాళ" అంటాడు. నువ్వు వస్తే ఆ మాట నీ ఇంటికి వెళ్ళిపోతుందని తెలుసు నాకు. అందుకే పిలవలేదు. ఇంకేం రాయను దీని గురించి. తిట్టుకో.

కొత్తాయన అడిగినప్పుడు మా అబ్బాయే అన్నమాటా నిజమే. తలుపు చప్పుడు నాకూ వినపడింది. నువ్వని నాకు తెలీదు, నేను తిరిగి చూడలేదు. ఎవరో కాఫీకి వెళ్ళారనుకున్నాను.

ఏడ్రియన్ మాత్రం మొదట్నుంచీ తలుపు వంకే చూస్తున్నాడట. నేను అది కూడా గమనించలేదు. నువ్వు అప్పుడే వెళ్ళిపోకుండా ఒక్క క్షణం ఆగి ఉంటే వినేదానివి. వాడు ఆ కొత్తాయనతో, "కాదండీ, ఈవిడ మా పిన్ని. మా అమ్మ ఇప్పటిదాకా అక్కడ నిలబడింది, కోటు వేసుకుని. ఇప్పుడే వెళ్ళిపోయింది" అన్నాడు. మామూలుగా అన్నాడు, ఏ గొడుగు ఎవరిదో చెప్పినట్టు.

వాడు ఆగస్టులో నిన్ను ఏమన్నాడో కొత్తాయన తప్ప గదిలో అందరికీ తెలుసు. కౌన్సెలరు కళ్ళు తుడుచుకుంది. రెనీ చప్పట్లు కొట్టబోయి మానుకుంది. నేను ఆ దిక్కుమాలిన కాఫీ మొత్తం తాగేశాను, ఎవరూ నా మొహం చూడకుండా. సంతోషించాలి కదా నేను. నీ మీద నాకు అసూయ కలగడం అదే మొదటిసారి కాదు, కానీ ఇంత ఎప్పుడూ కలగలేదు.

తర్వాత వాడు కిటికీ దగ్గరికి వెళ్ళి కింద నీ కారు వెతికాడు. అప్పటికే లేదు. "అమ్మకి కోపమొచ్చిందా?" అని అడిగాడు. మీ అమ్మ కోపం నాకేం తెలుసు, నువ్వే అడుక్కో అన్నాను.

వచ్చే మంగళవారం ఆరింటికి. గ్రెగ్ బావని కూడా తీసుకురా. వాడి పక్క కుర్చీలో నేనే కూర్చుని ఉంటాను. నా అంతట నేను లేవను. లేపి కూర్చో.

బెర్నీ